మంకీక్యాప్ పెట్టుకుని ఇజీనగరం

సొంతూరు విజయనగరంలో (మా నోట ఇజీనగరం) లాడ్జి గది తీసుకోవాల్సి రావడం ఏదోలా ఉంటుంది. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం, ఇంకెక్కడ దిగుతాం? స్టేషన్ దగ్గర ఒకచోట దిగాను. గది శుభ్రం, దుప్పటి ఉతికిందే. ఇరవై నాలుగు గంటలూ వేణ్ణీళ్ళన్నారు కదా అని ధనుర్మాసంలో తెల్లవారుజామున అయిదింటికి పంపు తిప్పితే చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. కౌంటరు వెనక పడుకున్న కుర్రాడు రగ్గులోంచి మొహం తీసి "గీజరు ఆరు నుంచి ఎనిమిదే బాబూ" అని మళ్ళీ దూరిపోయాడు. మొహం మాత్రం కడుక్కుని బయటపడ్డాను.

ఒకందుకు అదే మంచిదయింది. ఏడు దాటితే గంటస్తంభం చుట్టూ బళ్ళూ ఆటోలే, తలెత్తి చూద్దామన్నా నిలబడనివ్వరు. ఆ మంచులో ఎరుపూ మీగడరంగూ స్తంభం ఒక్కటే ఉంది. 1885లో కట్టింది, 68 అడుగులు. ఇన్నేళ్ళూ దాని కింద మిరపకాయబజ్జీలు తిన్నాను గానీ దానికెన్ని పలకలో చూడలేదు. చుట్టూ నడుస్తూ లెక్కపెట్టాను, ఎనిమిది. టీ కాస్తున్నాయన "ఏటి బాబూ, ఏటైనా పడిపోయిందా?" అన్నాడు. అల్లం టీ మాత్రం గొంతు మండేలా ఇచ్చాడు.

మూడు లాంతర్ల కూడలిలో పాత స్తంభాన్ని 2020లో తీసేశాక అక్కడ ఆగబుద్ధి కాదు. ఊరి దేవత పైడితల్లి చదురుగుడికి ఓ దండం పెట్టి కోటవైపు నడిచాను. అమ్మవారి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను, మూడుసార్లు తిరిగే దారే ఇది. పండగనాడు జనంలో తోసుకుంటూ ఎంతో దూరం అనిపించేది, ఖాళీగా ఉంటే నాలుగడుగులు.

కోటకి 1713లో విజయదశమినాడు, జయవారమైన మంగళవారం, విజయరామరాజు శంకుస్థాపన చేశాడంటారు. ఇలా అయిదు విజయాలు కలిశాయని మా తాత వేళ్ళు ముడుస్తూ చెప్పేవాడు, నాకు ఎప్పుడూ నాలుగే గుర్తుండేవి. నగారాఖానా ద్వారం కింద గోడకి అరచెయ్యి ఆనించాను. రాయి చల్లగా, చెమట పట్టినట్టు తడిగా ఉంది. ఇక్కడ టిక్కెట్టుండదు, గైడుండడు, లోపలున్నవి కాలేజీలు. ఎవరైనా ఆపి అడిగితే నిజం చెప్పండి. నన్ను అడిగినాయన "మన కోటే కదా, ఏటుంది సూడ్డానికి" అని నవ్వి వదిలేశాడు. జైపూర్ కోటలు చూసొచ్చిన కళ్ళతో వస్తే మాత్రం నిరాశే.

నన్నడిగితే అసలు చూడాల్సింది సంగీత కళాశాల. చూడ్డం కాదు, వినడం. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెప్పేవారు. ఘంటసాల చదివిందీ ఇక్కడే. లోపల ఎవరో పిల్ల సరళీస్వరాలు పాడుతోంది. పై షడ్జం నుంచి దిగుతూ నిషాదం దగ్గర జారింది, ఆగి మళ్ళీ అందుకుంది. మూడోసారికి నిలబెట్టింది. గేటు బయట నేనూ ఊపిరి వదిలాను.

విశాఖలో బస చేసి పగలొచ్చి పోదామనుకుంటారు చాలామంది, రైల్లో గంటేగా అని. రావచ్చు, కానీ అప్పటికి మంచు పోతుంది, రోడ్లు నిండిపోతాయి. ఓ రాత్రి ఇక్కడే పడుకోండి. ఆటో అక్కర్లేదు, ఇదంతా నడిచే దూరమే.

పెసరట్టు తిని లాడ్జికి చేరేసరికి ఎనిమిదీ పది. గీజరు కట్టేశారు.