డాబా మీదకి ‘గ్రీన్ రూఫ్ ట్రేలు’ కొంటున్నారా? బెజవాడ, గుంటూరు వాళ్లు కాస్త ఆగండి

చలికాలంలో మొదలవుతుంది ఈ అమ్మకం. సెడమ్, సెంపర్వైవమ్, ఎచెవేరియా అనే దళసరి ఆకుల మొక్కలు కలిపి ట్రేలలో పెట్టి ‘డాబాకి మొండి మొక్కలు’ అంటున్నారు. మాకు అమ్మినాయన మాట ఇది: “జర్మనీలో ఇళ్ల కప్పుల మీద ఇవేనండీ. మంచుకే చావనివి మన ఎండకి చస్తాయా?”

చస్తాయండీ. ఉగాది దాకా ముచ్చటగానే ఉన్నాయి. రోహిణి కార్తె రాకముందే ఉడికిన బచ్చలాకులా వాలిపోయాయి.

ట్రే చీటీ మీద మైనస్ 20 డిగ్రీల దాకా తట్టుకుంటాయని ఉంటుంది, అది చలి లెక్క. సెంపర్వైవమ్ యూరప్ కొండల్లో పుట్టిన మొక్క. ఇలాంటివి చాలావరకు పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తాయి, అందుకే రాత్రి చల్లబడాలి. మన దగ్గర మే నెలలో అర్ధరాత్రి కూడా స్లాబు సెగలు కక్కుతూనే ఉంటుంది. మిగిలిన నాలుగు మొక్కల్నీ వానలు తినేశాయి. ట్రేలో నింపింది కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), నల్లరేగడి. నీరు దిగే దారే లేదు, వేర్లు కుళ్లాయి.

డబ్బు అడిగితే మొదట “నీళ్లు తక్కువ పోశారు” అన్నాడు, వానలయ్యాక “ఎక్కువ పోశారు” అన్నాడు! గ్యారంటీ నోటిమాటే, బిల్లులో మొక్క పేరు కూడా రాయలేదు. నీలం రంగు ఎచెవేరియా ఒకటుంది, గోటితో గీకితే పెయింటు ఊడొచ్చింది.

ఇంకో సంగతి, ఇది మొక్కల కన్నా ముఖ్యం. డాబా అంతా మట్టి పరిచేస్తామని, ఇంజనీరు అక్కర్లేదని కూడా చెప్పాడు. పది సెంటీమీటర్ల మట్టి బాగా తడిస్తే చదరపు మీటరుకి 150 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకి ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల భారత ప్రమాణం) ప్రకారం, స్లాబు సొంత బరువు కాక వేసుకునే అదనపు బరువే దాదాపు అంత. పాత ఇళ్లవాళ్లు ఇంజనీరుకి చూపించకుండా ఒప్పుకోవద్దు.

మన ఎండకి నిలిచేవి పక్కింట్లోనే దొరుకుతాయి: రణపాల, నల్లేరు, కలబంద, టేబుల్ రోజ్. కలబంద మండుటెండలో ఎర్రబడుతుంది గానీ చావదు. టేబుల్ రోజ్ కొమ్మ తుంచి గుచ్చినా బతుకుతుంది. ఎర్రమట్టిలో ముతక ఇసుక, ఇటుక ముక్కలు బాగా కలపండి, అడుగున చిల్లులు ఉండాలి.

అయినా ఆ ట్రేలే కావాలంటే, పోయిన వేసవంతా ఇక్కడ ఆరుబయట ఎండలో ఉన్న ట్రే ఒకటి చూపించమనండి. మాకు చూపించినవన్నీ షేడ్‌నెట్ కింద ఉన్నవే.