గోడ మీద డ్యాష్‌బోర్డుకి ఏది మేలు: టీవీ స్టిక్, రాస్‌బెర్రీ పై, సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ?

డ్యాష్‌బోర్డు అంటే ఆఫీసు పని అంకెలు ఎప్పటికప్పుడు చూపించే పేజీ. దాన్ని చూపే స్క్రీన్ నల్లబడితే ఎవరో ఒకరు వచ్చి చెప్తారు. నిన్నటి అంకె పట్టుకుని అలాగే ఉండిపోతే ఎవరికీ తెలియదు. మాదాపూర్‌లో మా ఆఫీసుకి ఒక సోమవారం అదే జరిగింది. ఆదివారం రాత్రి గాలివానకి కరెంట్ పోయి వచ్చింది. స్క్రీను, దాని వెనకున్న టీవీ స్టిక్కు యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి ఆరలేదు, వైఫై రూటర్ మాత్రం ఆరి వెలిగింది. స్టిక్ మళ్లీ నెట్‌కి కలవలేదు. పదకొండు గంటల దాకా సపోర్ట్ టీమ్ మొత్తం పాత టికెట్ల సంఖ్య చూస్తూ పనిచేసింది, అవతల కస్టమర్లు ఎదురుచూస్తూనే ఉన్నారు.

అప్పటి నుంచి నాకు ఒకటే పరీక్ష. కరెంట్ పోయి వచ్చినా, నెట్ పోయి వచ్చినా, మనిషి చెయ్యి పడకుండా పెట్టె తనంతట తాను లేచి సరైన పేజీ తెరుస్తుందా? స్పీడ్, ధర ఆ తర్వాతే.

ఈ పరీక్షలో టీవీ స్టిక్కులు నిలబడవు. అవి రిమోట్ చేత్తో పట్టుకుని సినిమా చూసేవాళ్ల కోసం చేసినవి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే స్క్రీన్‌సేవర్ వస్తుంది, తర్వాత నిద్రపోతాయి. ఆన్ అయ్యాక హోమ్ పేజీ దగ్గర ఆగుతాయి, బ్రౌజర్ ఎవరో తెరవాలి. చాలావాటిలో మెమరీ 1 నుంచి 2 జీబీయే, పది గ్రాఫులున్న పేజీ రోజంతా రిఫ్రెష్ అవుతుంటే బ్రౌజర్ మూసుకుపోతుంది. టీవీలోనే ఉండే బ్రౌజర్ పరిస్థితీ ఇంతే. రిసెప్షన్‌లో నాలుగు ఫొటోలు తిప్పడానికైతే స్టిక్ చాలు.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్‌బెర్రీ పై దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అది నిజంగా మంచి వస్తువు. కరెంట్ రాగానే బూట్ అవుతుంది. క్రోమియం బ్రౌజర్‌ని కియోస్క్ మోడ్‌లో, అంటే స్క్రీన్ నిండా ఒక్క పేజీయే ఉండేలా, నేరుగా మన పేజీ తెరిచేలా పెట్టుకోవచ్చు. సిస్టమ్ బిగుసుకుపోతే తానే రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ చిప్‌లోనే ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగానే రాత్రి టీవీని ఆపి పొద్దున వెలిగించగలదు, మామూలు పీసీల్లో ఈ సౌకర్యం దాదాపు ఉండదు. పై 4, పై 5 మోడళ్లు రెండింటికీ రెండేసి స్క్రీన్లు తగిలించవచ్చు.

దాన్ని దెబ్బతీసేవి రెండు: మెమరీ కార్డు, చార్జర్. కార్డు మీద ఏదో రాస్తున్నప్పుడు కరెంట్ పోతే ఫైళ్లు పాడవుతాయి, ఇంకోసారి బూట్ కాకపోవచ్చు. దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంది. ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు. లేదంటే ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ చేయండి. చార్జర్ విషయంలో నేనే తప్పు చేశాను, డ్రాయర్‌లో పడున్న ఫోన్ చార్జర్ పెట్టాను. పై 4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, పై 5కి 5 ఆంపియర్లు ఇచ్చే చార్జర్ కావాలి. వోల్టేజ్ తగ్గితే స్క్రీన్ మూల పిడుగు గుర్తు కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే ఉన్నట్టుండి రీస్టార్ట్‌లు మొదలవుతాయి. ఎండ సంగతీ చూడాలి. చిప్ 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించుకుంటుంది. మే నెల ఆదివారం, ఏసీ ఆపేసిన గదిలో, టీవీ వెనక వేడిలో ఫ్యాన్ లేని రాస్‌బెర్రీ పై పెట్టకండి.

ఇక మినీ పీసీ. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే కార్పొరేట్ ఆఫీసుల నుంచి వచ్చిన డెల్, హెచ్‌పీ, లెనోవో చిన్న పెట్టెలు చూపిస్తారు. రాస్‌బెర్రీ పైకి కేసు, చార్జర్, కార్డు, కేబుల్ అన్నీ కలిపి లెక్కేస్తే రెండింటి ధరలకీ పెద్ద దూరం ఉండదు. పైగా మినీ పీసీతో మామూలు ఎస్‌ఎస్‌డీ, నెట్ వైరు గుచ్చే లాన్ పోర్టు, ఎంత బరువు పేజీనైనా మోసే 8 జీబీ మెమరీ వస్తాయి. విండోస్ 11కి ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ లేదా ఆపైది కావాలి, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే 6, 7 తరాల పెట్టెలు తీసుకుంటే విండోస్ బదులు లైనక్స్ వేసుకోండి. డ్యాష్‌బోర్డుకి అదే హాయి, మధ్యలో అప్‌డేట్ కిటికీలు పైకి రావు.

కొనేముందు షాపులోనే మూడు పనులు చేయించండి. "అన్నా, బయోస్‌కి పాస్‌వర్డ్ ఉందా చూడు" అని ముందే అడగండి. బయోస్ అంటే పెట్టె ఆన్ అవగానే ముందు నడిచే సెట్టింగుల చోటు, పాత కంపెనీ పెట్టిన తాళం అలాగే వచ్చేవి ఉంటాయి. కరెంట్ తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ అందులో పెట్టించి, ప్లగ్ తీసి మళ్లీ పెట్టి చూడండి. లోపలి సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ కొత్తది వేయించండి. అది అయిపోతే, కరెంట్ పోయినప్పుడు బయోస్ సెట్టింగులు చెరిగిపోయి పెట్టె ఎవరైనా బటన్ నొక్కేదాకా లేవకపోవచ్చు. కొన్నింటికి డిస్‌ప్లేపోర్టే ఉంటుంది, మార్పిడి కేబుల్ అక్కడే తీసుకోండి.

కరెంట్ బిల్లు భయంతో రాస్‌బెర్రీ పై వైపు వెళ్లాల్సిన పనిలేదు. రెండింటి మధ్య 10 వాట్ల తేడా ఉండి, ఏడాదంతా నడిచినా 88 యూనిట్ల లోపే. 80 వాట్ల టీవీని రోజూ 12 గంటలు ఆపితే 350 యూనిట్లు మిగులుతాయి.

టీవీలోనూ తేడా ఉంది. కదలని అంకెలకి ఓఎల్ఈడీ వద్దే వద్దు, మచ్చ పడుతుంది. ఇంటి ఎల్ఈడీ టీవీ రోజుకి పది గంటల వాడకానికి పర్వాలేదు, బ్యాక్‌లైట్ తగ్గించి, రిమోట్ ముట్టకపోతే కొన్ని గంటలకి ఆరిపోయే సెట్టింగ్ తీసేస్తే చాలు. వారంటీ కాగితం మాత్రం చదవండి, వ్యాపార వాడకానికి వర్తించదని చాలావాటిలో ఉంటుంది. రాత్రింబవళ్లు నడవాలంటే 24 గంటల వాడకానికని చెప్పి అమ్మే సైనేజ్ డిస్‌ప్లేకే డబ్బు పెట్టండి.

నన్నడిగితే ముఖ్యమైన స్క్రీన్‌కి మినీ పీసీ, దానికి లాన్ కేబులే, వైఫై వద్దు. తేలిక పేజీలకి, టీవీని వేళకి ఆపాల్సిన చోట రాస్‌బెర్రీ పై. మా గోడ మీద ఇప్పుడు రెండు మినీ పీసీలు, ఒక పై ఉన్నాయి. ప్రతి పేజీ మూలన చివరిసారి డేటా వచ్చిన టైమ్ పెద్ద అక్షరాల్లో పెట్టాం, ఐదు నిమిషాలు పాతబడితే ఎర్రగా మారుతుంది. మొన్న రాత్రి వానకి మళ్లీ కరెంట్ పోయింది. పొద్దున వెళ్లేసరికి మూడూ ఆకుపచ్చగానే ఉన్నాయి.