అరిజోనా ఎండలో మూడు లీటర్ల నీళ్ళ సంచి: ఆరేళ్ళు మోశాక

మాది రెంటచింతల పక్క ఊరు. వేసవిలో వార్తలు పెడితే ఎండ లెక్కల్లో ముందు వినపడే పేర్లలో మాదొకటి. అందుకే 2019లో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌కి మారినప్పుడు ఆఫీసులో వాళ్ళు ఎండ జాగ్రత్త అంటుంటే లోపల్లోపల నవ్వుకున్నాను. ఒక్క శనివారంతో ఆ నవ్వు పోయింది. ఏప్రిల్‌లో సూపర్‌స్టిషన్ కొండల్లో పెరాల్టా ట్రెయిల్‌కి రెండు అరలీటరు బాటిళ్ళు పట్టుకుని బయల్దేరాను. ఫ్రీమాంట్ శాడిల్ అనే కనుమ దగ్గరికి చేరితే ఎదురుగా వీవర్స్ నీడిల్ రాతి స్తంభం. అందరూ దానికి ఫొటోలు తీస్తున్నారు, నేనేమో బాటిల్ తలకిందులు చేసి ఆఖరి చుక్క కోసం నాలుక చాపుతున్నాను. చెమటే పట్టలేదు కదా, ఇంత దాహమేంటి అనుకున్నా. చొక్కా చూసుకుంటే తెల్లటి ఉప్పు చారలు. చెమట పట్టింది, పట్టింది పట్టినట్టే ఆరిపోయింది. మా ఊళ్ళో చొక్కా తడిసి వీపుకి అంటుకుంటే మనకే తెలుస్తుంది నీళ్ళు తాగాలని. ఇక్కడి పొడి గాలి ఆ కబురు చెప్పదు.

ఆ సోమవారమే ఈ సంచి కొన్నాను. వీపుకి తగిలించుకునే చిన్న బ్యాగు, లోపల మూడు లీటర్లు పట్టే ప్లాస్టిక్ తిత్తి, దాన్నుంచి భుజం మీదుగా ముందుకొచ్చే గొట్టం, చివర పళ్ళతో కొరికితే నీళ్ళొచ్చే రబ్బరు మూతి. అప్పట్లో వంద డాలర్లకి కొంచెం తక్కువ. కంపెనీ పేరు రాయను. స్నేహితుల దగ్గర వేరే రకాలు కూడా చూశాను, మంచీ చెడూ అన్నిటికీ ఇంచుమించు ఒకటే.

ముందు మంచి చెప్తాను. బాటిల్ అయితే ఆగాలి, బ్యాగు దించాలి, మూత తియ్యాలి. ఆ బద్ధకంతో ‘ఆ మలుపు దాటాక తాగుదాంలే’ అని వాయిదా వేస్తాం. గొట్టం గడ్డం కిందే వేలాడుతుంటే నడుస్తూనే రెండు గుక్కలు పడతాయి. నా మటుకు నాకు ఈ సంచి ఇచ్చిన డబ్బుకి న్యాయం చేసింది ఇక్కడే.

ఎడారి దారుల్లో దీని మొదటి గుక్క మాత్రం నరకం. గొట్టంలో నిలిచిన నీళ్ళు ఎండకి కాగి స్నానానికి తోడుకున్న నీళ్ళలా ఉంటాయి. దానికి కిటుకు, తాగగానే గొట్టంలోకి ఊది నీళ్ళని వెనక్కి తిత్తిలోకి పంపెయ్యడం. ముందు రోజు రాత్రి తిత్తిలో మూడో వంతు నీళ్ళు పోసి ఫ్రీజర్లో పడుకోబెట్టి, పొద్దున పైన మామూలు నీళ్ళు పోసుకుంటే పది గంటల దాకా చల్లగా ఉంటాయి, వీపుకీ హాయి. ఇక గుడ్డ గట్టిదనం గురించి చెప్పాలంటే చోల్లా సంగతి చెప్పాలి. ఆ ముళ్ళ జెముడు తునక ఒకటి ఎప్పుడు అంటుకుందో తెలియదు, బ్యాగు అడుగున ఉండలా వేలాడుతోంది. చేత్తో లాగితే వేళ్ళకి దిగుతుంది. దువ్వెన దాని కిందకి దోపి ఒక్క విసురు విసిరితే ఎగిరి అవతల పడుతుంది. అప్పట్నుంచి జేబులో పదిరూపాయల దువ్వెన ఒకటి ఉంటోంది. ముళ్ళు గుడ్డలో విరిగాయి గానీ తిత్తి దాకా పోలేదు.

మండు వేసవిలో దీనికి పనే లేదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43, లేదా అంతకన్నా ఎక్కువే నమోదైంది. మరీ మండిపోయే రోజుల్లో కేమెల్‌బ్యాక్ లాంటి కొండల దారుల్ని పగటిపూట నగరం వాళ్ళే మూసేస్తారు. ఎంత పెద్ద సంచి ఉన్నా ఆ ఎండలో నడవకూడదు.

అసలు పరీక్ష గ్రాండ్ కాన్యన్ లోయలో. కొండైతే ముందు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. ఇక్కడ అంతా తలకిందులు. ఒంట్లో ఓపికంతా ఉన్నప్పుడు దిగుతాం, మోకాళ్ళు వణికే వేళకి, ఎండ ముదిరే వేళకి ఎక్కాలి. ఎంతసేపు దిగామో దానికి రెట్టింపు సమయం ఎక్కడానికి ఉంచుకోమని పార్కు వాళ్ళు చెప్పేది ఊరికే కాదు. సౌత్ కైబాబ్ ట్రెయిల్‌లో పైన కుళాయి ఉంది, దిగడం మొదలుపెట్టాక నీటి చుక్క లేదు, నీడా లేదు. మన చలివేంద్రాల్లాంటివి ఊహించుకోకండి. మైలున్నరకి సీడర్ రిడ్జ్, మూడు మైళ్ళకి స్కెలిటన్ పాయింట్. అక్కడికి దాదాపు రెండు వేల అడుగులు దిగినట్టు.

2021 మే నెలలో స్కెలిటన్ పాయింట్ దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. వీపు మీద బరువు ఇంకా ఉంది కాబట్టి సగం నీళ్ళయినా ఉంటాయనుకున్నా. ఆ బరువు నీళ్ళది కాదు, జాకెట్టూ డబ్బాలదీ. తిరిగి ఎక్కుతూ సీడర్ రిడ్జ్ ఇంకా కనపడకముందే గొట్టం గుర్రుమంది. హుక్కా పీల్చినట్టు గాలి తప్ప ఏమీ రాలేదు. నా స్నేహితుడి దగ్గర లీటరు బాటిల్ ఉంది గనక ఇద్దరం గుక్కెడు గుక్కెడు పంచుకుని పైకొచ్చాం. ఈ సంచిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. ఎంత తాగామో, ఎంత మిగిలిందో కంటికి కనపడదు.

దానికి నేను పెట్టుకున్న ఏర్పాటు చెప్తాను. మూడు లీటర్ల తిత్తిలో మూడు లీటర్లు పొయ్యడం మానేశాను. కాన్యన్‌కి వెళ్తే తిత్తిలో లీటరున్నర, ఇంకో రెండు లీటర్లు బాటిళ్ళలో. గొట్టం ఎప్పుడు గుర్రుమంటే అప్పుడు, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగాలి. స్కెలిటన్ పాయింట్ ఇంకో పావు మైలే ఉన్నా సరే. రెండుసార్లు అలా తిరిగొచ్చాను, మా వాళ్ళు తిట్టుకున్నారు. అదే కాన్యన్‌లోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్లో అయితే మధ్యలో కుళాయిలున్నాయి, హవసుపాయ్ గార్డెన్స్‌లో, అదే 2022 దాకా ఇండియన్ గార్డెన్ అన్నచోట, చెట్ల నీడ కూడా ఉంది. కానీ ఆ కుళాయిలకి నీళ్ళు తెచ్చే పైపులైను తరచూ పగులుతుంటుంది. పొద్దున బోర్డు చూడకుండా కుళాయిని నమ్ముకుని దిగొద్దు.

ఇంకో మాట. గొట్టం నోటి దగ్గరే ఉందని ఉత్త నీళ్ళే గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, దానికి ఇంకా నీళ్ళు పట్టిస్తే మరింత చేటు. కాబట్టి ఉప్పు వెయ్యించిన పల్లీలు, కారప్పూస మా బ్యాగులో తప్పనిసరి. అలాగని తిత్తిలోనే ఉప్పూ పంచదారా నిమ్మకాయా కలపకండి. నేనొకసారి కలిపాను. రెండు నెలలు ఏ నీళ్ళు తాగినా పాత షర్బత్ కంపు, గొట్టం లోపల నల్లటి బూజు. ఓఆర్ఎస్ కలిపితే బాటిల్లోనే.

కొండ మీద కథ వేరు. హంఫ్రీస్ పీక్ అరిజోనాలో అన్నిటికన్నా ఎత్తు, 12,633 అడుగులు. రానూపోనూ పది మైళ్ళు. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా మధ్యాహ్నాలు పిడుగుల భయం, పైన చెట్టంటూ లేని రాళ్ళగుట్ట, కాబట్టి చీకట్లోనే బయల్దేరి మధ్యాహ్నం లోపు దిగిపోవాలి. చలికి దాహం తెలియదు, అక్కడ మళ్ళీ ఈ గొట్టమే గుర్తు చేస్తుంది. అక్టోబర్లో మాత్రం తెల్లవారుజామున గొట్టంలో నీళ్ళు గడ్డకట్టాయి. వీపు మీద రెండున్నర కిలోల నీళ్ళు మోస్తూ దాహంతో నడవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. గొట్టాన్ని జాకెట్టు లోపలికి తోసి, ప్రతిసారీ ఊది ఖాళీ చేస్తుంటే సమస్య లేదు. మొన్న నవంబరులోనూ అదే చేశాను.

మన్నిక సంగతి. నాలుగో ఏడు తిత్తి అతుకు దగ్గర కారడం మొదలైంది. కంపెనీకి రాస్తే వారంటీ కింద కొత్త తిత్తి పంపారు, రబ్బరు మూతి మాత్రం అరుగుదల కింద వస్తుందని దానికి డబ్బు కట్టించుకున్నారు. ఇప్పటికి మూడు మూతులు మార్చాను. వాడిన రోజే వంటసోడా నీళ్ళతో కడిగి, లోపల చెక్క గరిటె నిలబెట్టి ఆరేస్తాను. ఇంట్లో వాళ్ళకి ఆ గరిటె సంగతి నచ్చదు.

కొనొచ్చా అంటే, ఒంటరిగానో ఇద్దరుగానో నడిచేవాళ్ళు కొనండి, అయిదుకి మూడున్నర ఇస్తాను. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళయితే బాటిళ్ళే నయం. కారణం ఏ కంపెనీ వాళ్ళూ రాయరు: ఎంగిలి. మొన్నటేడు అక్టోబర్లో మా నాన్న వచ్చినప్పుడు సౌత్ కైబాబ్ దారిలోనే ఊ-ఆ పాయింట్ దాకా తీసుకెళ్ళాను, మైలు కూడా లేదు. దారిలో కంచరగాడిదల వరస ఎదురొస్తే లోపలి గోడవైపు ఒదిగి నిలబడ్డాం. ఎండకి ఆయన పెదాలు ఆరిపోతున్నాయని గొట్టం అందించాను.

‘నువ్వు చీకిన గొట్టం నేను నోట్లో పెట్టుకోవాలా?’

‘తుడిచాను నాన్నా, తాగు.’

‘తుడిస్తే ఎంగిలి పోద్దిట్రా? ఆ బాటిల్ ఇటివ్వు.’

బాటిల్ పైకెత్తి, ఆ గాలిలో, ఒక్క చుక్క చొక్కా మీద పడకుండా సగం పైగా తాగేశాడు. అది నా తిరుగుదారి లీటరు.