కింద పడక ఉందన్నారు: డె రైప్ గ్రామంలో నాలుగు రాత్రులు

ప్రకటనలో ఉన్న మాట ఇది: "కింది అంతస్తులో ఇద్దరికి పడక, పైన ముగ్గురికి." ఈ ఒక్క వాక్యాన్ని నమ్మి నేను 948 యూరోలు కట్టాను. మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మను నెదర్లాండ్స్‌లో మూడు వందల యాభై ఏళ్ల నాటి ఇంటికి తీసుకువెళ్లాను. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ దేశంలో పాత ఇల్లు అద్దెకు తీసుకోవాలనుకునే వాళ్లు నాలాగా మోసపోకూడదని ఇదంతా రాస్తున్నాను.

మేము డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాం. 2025 వేసవికి అమ్మా నాన్నగారూ రాజమండ్రి నుంచి వచ్చారు. మే రెండో వారంలో నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో అయిదుగురికి రెండు హోటల్ గదులంటే రాత్రికి 400 యూరోలు దాటుతోంది. ఆ నగరంలో బస మీద వేసే పర్యాటక పన్నే 12.5 శాతం. పైగా హోటల్ గదిలో వంట కుదరదు. నాన్నగారికి రాత్రి పూట పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు. అందుకని నగరానికి ఉత్తరాన సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న డె రైప్ అనే గ్రామంలో ఇల్లు చూశాను. ఆ ఊరిని ఎంచుకోవడానికి ఇంకో కారణం నాన్నగారు. ఆయన గోదావరి తూర్పు డెల్టా కాలువల మీద ముప్పయ్యేళ్లు పనిచేసి నీటిపారుదల శాఖలో పదవీ విరమణ చేశారు. డె రైప్ ఆనుకునే బేమ్‌స్టర్ అనే పోల్డర్ ఉంది. చెరువును తోడేసి పొలంగా మార్చిన నేల అది. ఆయనకు అది చూపించాలని నా కోరిక.

ముందు డబ్బు సంగతి చెప్తాను. ప్రకటనలో రాత్రికి 165 యూరోలు అని పెద్ద అక్షరాలతో ఉంది. నాలుగు రాత్రులకు 660. చెల్లించే పేజీకి వచ్చేసరికి శుభ్రం చేసినందుకు 95, దుప్పట్లకూ తువ్వాళ్లకూ తలకు 15 చొప్పున 75, సేవా రుసుమూ పర్యాటక పన్నూ కలిపి 118 వచ్చి చేరాయి. అంటే రాత్రికి 165 కాదు, 237. దీనికి తోడు 250 యూరోలు పూచీ సొమ్ము. దుప్పట్లకు విడిగా డబ్బు తీసుకోవడం అక్కడి అద్దె ఇళ్లలో కొత్తేమీ కాదు, ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు కూడా. నేను ఆ వరుస చదవలేదు. కారులో వెళ్లేవాళ్లయితే దుప్పట్లు డిక్కీలో పడేసుకోండి, 75 యూరోలు మిగులుతాయి. 2026 జనవరి నుంచి బస మీద వాళ్ల విలువ ఆధారిత పన్ను 9 నుంచి 21 శాతానికి పెరిగింది కాబట్టి, పాత ధరలు చూసి లెక్క వేసుకోకండి.

ఊరు మాత్రం చూడగానే మనసు దోచింది, ఆ మాట దాచను. ఎర్ర ఇటుకలు పరచిన సన్నటి వీధి, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క ముఖాల ఇళ్లు, ఇంటి వెనకే కాలువ, గుమ్మాల ముందు పూలకుండీలు. వీధి మధ్యలో 1630లో కట్టిన పాత పురపాలక భవనం ఉంది. దాని ముందుగోడ రెండు పక్కలా మెట్లు కట్టినట్టు పైకి లేస్తుంది. కింది భాగంలో ఒకప్పుడు చీజు తూచేవారట. 17వ శతాబ్దంలో హెర్రింగ్ చేపల వేటా తిమింగలాల వేటా ఈ ఊరికి డబ్బు తెచ్చాయి. 1654లో పెద్ద అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. మేము దిగిన ఇల్లు ఆ తర్వాత కట్టినదే. తలుపు పక్కన నీలం తెలుపు రంగుల చిన్న డాలు గుర్తు ఉంది, అది జాతీయ రక్షిత కట్టడం అని చెప్పే గుర్తు. పాప దాన్ని చూసి రాజుగారి ఇల్లనుకుంది.

తాళం ఇవ్వడానికి ఇంటి యజమాని స్వయంగా వచ్చాడు. చెయ్యి కలిపాడు, చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో పది నిమిషాలు చెప్పాడు. నేను కింది పడకగది ఏదని అడిగాను. అతను ముందు గదిలో గోడకున్న రెండు చెక్క తలుపులు తెరిచాడు. లోపల అలమర. అలమరలో పరుపు.

దాన్ని డచ్చివాళ్లు బెడ్‌స్టే అంటారు. పూర్వం ఇళ్లలో చలి తట్టుకోవడానికి గోడలోనే పెట్టెలాగా కట్టి, రాత్రి తలుపులు వేసుకుని అందులో పడుకునేవారు. కింద బంగాళాదుంపలు దాచుకునే చోటు, కాళ్ల దగ్గర పసిపిల్లకు చిన్న అర. ఆ కాలంలో వాళ్లు వెనక్కి ఆనుకుని సగం కూర్చున్నట్టే పడుకునేవారని చెప్తారు, అందుకే పొడవు తక్కువ. టేపు తీసి కొలిచాను: 1 మీటరు 68 సెంటీమీటర్లు. మా నాన్నగారు 1 మీటరు 75. పరుపు నేల నుంచి నడుము ఎత్తులో ఉంది. ఎక్కడానికి ఒక చిన్న ముక్కాలి పీట పెట్టాడు. ఏడు పదులకు దగ్గర పడిన మనిషి, మోకాలు మడవలేని మనిషి, అర్ధరాత్రి చీకట్లో ఆ పీట మీద నుంచి దిగి బాత్‌రూముకు వెళ్లాలి.

అమ్మ తొంగి చూసి, "ఇది పడక కాదమ్మా, సామాన్ల అలమర," అంది. తర్వాత ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు.

నేను యజమానితో గట్టిగానే మాట్లాడాను. ఇది పడకగది కాదు, పెద్దవాళ్లున్నారని ముందే రాశాను కదా అన్నాను. తన తాతముత్తాతలు అందులోనే పడుకున్నారని, అతిథులు దీనికోసమే వస్తారని జవాబిచ్చాడు. ప్రకటనలో "పడక" అనే ఉంది, "గది" అని లేదు అని ఫోనులో చూపించాడు కూడా. అక్షరాలా నిజమే, నేను ఆశపడి గదిని కలుపుకుని చదివాను. కానీ 17 ఫొటోలు పెట్టినవాడు ఆ అలమర తలుపులు తెరిచి ఒక్క ఫొటో పెట్టలేకపోయాడా? మూసిన తలుపుల ఫొటో మాత్రం ఉంది, అందమైన చెక్కపని అనుకున్నాను. ఇది పొరపాటు కాదు, తెలిసి చేసిన పని.

ఇక పైకి వెళ్లే మెట్లు. అవి మెట్లు కావు, నిచ్చెన. ఒక్కో మెట్టు మీద సగం పాదమే పడుతుంది. పట్టుకోవడానికి కమ్మీ బదులు గోడవారగా తాడు వేలాడుతోంది. ఎక్కేటప్పుడు చేతులు కూడా వాడాలి, దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగాలి. పాత డచ్చి ఇళ్లు చాలావాటిలో ఇదే తీరు: ఇల్లు సన్నం, స్థలం ఖరీదు, కాబట్టి మెట్లకు చోటు ఇవ్వరు. రక్షిత కట్టడం కాబట్టి అనుమతి లేకుండా మార్పులు చేయడానికీ వీల్లేదు. స్నానాల గది పైనే ఉంది. కింద ఉన్నది మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చిన్న సింకు మాత్రమే. నాలుగు రోజులూ అమ్మ బకెట్టులో వేడినీళ్లు పట్టుకుని వంటింటి మూలలో ఒళ్లు తుడుచుకుంది. ఇంత డబ్బు పోసి తీసుకొచ్చి అమ్మకు స్నానానికి చోటు చూపలేకపోయానే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ రాత్రి మావారు పైనున్న పెద్ద పరుపును చుట్టి, తాడుతో కట్టి, మెట్ల మీంచి జార్చారు. కింద నుంచి నేను పట్టుకున్నాను. ముందు గదిలో నేల మీద పరిచి అమ్మానాన్నలను పడుకోబెట్టాం. ఒంటిపొర గాజు కిటికీలు, మే నెలైనా రాత్రికి 6 డిగ్రీలు. అర్ధగంటకోసారి చర్చి గంట. నాన్నగారు మాత్రం గంటలు లెక్కపెడుతూ హాయిగానే ఉన్నారు. 1986 ఆగస్టు వరదలప్పుడు గట్టు మీద గోనెసంచుల మధ్య పడుకున్న మనిషిని ఇలాంటివి కదిలించవు.

మర్నాడు పొద్దున ఆయన కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఊరి చివర చిన్న లాకు దగ్గర నిలబడి, నీళ్లలో పాతిన కొలబద్ద చూసి జేబు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. "గేజీ చూస్తున్నాను," అన్నారు. ఆ పూటే బేమ్‌స్టర్ చుట్టూ ఉన్న గట్టు ఎక్కాం. ఒక పక్క వలయంలా సాగే కాలువ, నిండుగా నీళ్లు. రెండో పక్క చాలా లోతున పచ్చిక, ఆవులు, తిన్నగా గీత గీసినట్టున్న రోడ్లు. కాలువలో పడవ పోతుంటే అది ఆవుల తలల కంటే ఎత్తున పోతోంది. సముద్ర మట్టానికి సుమారు మూడున్నర మీటర్ల దిగువన ఉన్న నేల అది. నాన్నగారు ఎటూ కదలకుండా పావుగంట చూశారు.

తర్వాత ఆయన చెప్పిందే నాకు ఈ ప్రయాణంలో దక్కిన అసలైన భాగం. మన దగ్గర కాలువ తవ్వేది పొలానికి నీళ్లు తేవడానికి, ఇక్కడ తవ్వేది పొలంలో నీళ్లు బయటికి తోడడానికి, లెక్క ఒకటే, గుర్తు మాత్రం తిరగబడింది అన్నారు. 1607లో ఈ పని మొదలుపెట్టారు. 1610లో తుపానుకు కట్టలు తెగి మళ్లీ చెరువైపోయింది. అయినా వదలకుండా నలభైకి పైగా గాలిమరలతో తోడి 1612 నాటికి ఎండగట్టారు. ఆ గాలిమరల నిర్మాణాన్ని చూసుకున్న యాన్ ఆద్రియాన్‌జూన్ లేగ్‌వాటర్ ఈ డె రైప్‌లోనే 1575లో పుట్టాడు. ఊళ్లోని ఆ పురపాలక భవనం నమూనా కూడా ఆయనదే. బేమ్‌స్టర్‌ను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మొదటిసారి కట్ట తెగిన సంగతి విన్నప్పుడు నాన్నగారు, "తెగాక మళ్లీ అంచనాలు రాయడానికి ఎవరికి చేతులు వచ్చాయో," అన్నారు. ఆయన గొంతు మారింది.

లేగ్‌వాటర్ 1641లో హార్లెమ్మర్‌మేర్ అనే ఇంకా పెద్ద సరస్సును గాలిమరలతో తోడాలని పుస్తకం రాశాడు. అది అప్పట్లో జరగలేదు. రెండు శతాబ్దాల తర్వాత ఆవిరి యంత్రాలతో 1849లో తోడటం మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. మూడు యంత్రశాలల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టారు. అమ్మానాన్నలు తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కాల్సిన స్కిపోల్ విమానాశ్రయం ఆ సరస్సు అడుగునే ఉంది. 1852 అనగానే నాన్నగారు నా వైపు తిరిగారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాది అదే. కాటన్ దొర అక్కడ నదికి అడ్డుకట్ట వేస్తుంటే ఇక్కడ వీళ్లు సరస్సు తోడుతున్నారన్నమాట. పాపకు తాతయ్య ఇది మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ అది శ్రద్ధగా విన్నది.

శుక్రవారం ఆల్క్‌మార్ చీజు సంత చూశాం, బాగుంది, జనం ఎక్కువ. స్ఖెర్మర్ గాలిమర చూశాం, అదీ బాగుంది. అక్కడి మెట్లు ఎక్కలేక అమ్మ కింద బల్ల మీద కూర్చుంది.

అమ్మ మనసు మారింది పడవలో. ఊరి పడమటి వైపు ఐలాండ్స్ పోల్డర్ అనే తడినేల ఉంది, నీళ్ల మధ్య సన్నటి లంకలు. మూడు గంటలకు 55 యూరోలిచ్చి చప్పుడు చేయని బ్యాటరీ పడవ తీసుకున్నాం. రెల్లు గడ్డి, పొడవు ముక్కు పిట్టలు, నీళ్ల మీద వంగిన గడ్డి. అమ్మ కోనసీమలో పుట్టింది. పుట్టింటికి పడవ మీద వెళ్లిన రోజులు చెప్పడం మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత ఆమె మనసు విప్పి మాట్లాడింది అప్పుడే. ఆ అద్దె ఇంట్లో చేసి తెచ్చిన పులిహోర పడవలోనే తిన్నాం. అంతటి రుచి ఏ హోటల్లోనూ దొరకలేదు. ఊళ్లోని ఒక తిండి దుకాణంలో అయిదుగురికి పాన్‌కేకులకు 71 యూరోలయ్యాయి, తీపి ఎక్కువ.

అదే పులిహోర నాకు ఇంకో 60 యూరోల ఖర్చు తెచ్చింది. ఇల్లు ఖాళీ చేసిన నాలుగో రోజు యజమాని సందేశం పంపాడు: కర్టెన్లకు వంట వాసన పట్టింది, పూచీ సొమ్ములో 60 తగ్గిస్తున్నాను అని. ఇంగువ పోపు పెట్టాం, నిజమే. కిటికీలు తీసే పెట్టాం, గట్టు తుడిచి, పొయ్యి మెరిసేలా రుద్ది వచ్చాం. 95 యూరోలు శుభ్రం చేసినందుకే కదా తీసుకున్నాడు? వాసన మీద ఏ నిబంధనా ప్రకటనలో లేదు. వాదించి, ఫొటోలు పెట్టాను. అద్దె సంస్థ వాళ్లు 30 తిరిగి ఇప్పించారు. అలమర పడక గురించి పెట్టిన ఫిర్యాదుకు మాత్రం "చారిత్రక విశేషం" అని జవాబొచ్చింది.

కాబట్టి నా మాట వినండి. డె రైప్ తప్పక వెళ్లండి. పిల్లలతో, నడుము గట్టిగా ఉన్నవాళ్లతో అయితే అలాంటి పాత ఇంట్లోనే ఉండండి. పెద్దవాళ్లుంటే డబ్బు కట్టకముందే యజమానిని మూడు ఫొటోలు అడగండి: కింది నుంచి తీసిన మెట్లు, పడక మీద టేపు పెట్టి కొలత, స్నానాల గది ఏ అంతస్తులో ఉందో. పంపనంటే ఆ ఇల్లు వదిలెయ్యండి. ఊరి అంచున మామూలు ఇటుక ఇల్లు తీసుకున్నా నాలుగడుగులు వేస్తే ఆ వీధి మీదే. కారు ఎలాగూ ఊరి అంచునే పెట్టాలి, మధ్యలో చోటు దొరకదు.

బయలుదేరే రోజు పొద్దున సామాన్లు మోస్తుంటే నాన్నగారు మళ్లీ లాకు దగ్గరికి వెళ్లి వచ్చారు. నాలుగు పొద్దుల గేజీ రీడింగులు రాసుకున్నారు. నాలుగింటికీ తేడా రెండు సెంటీమీటర్లు దాటలేదు, మధ్యలో ఒక రాత్రంతా వాన పడినా. ఆ కాగితాన్ని చింపకుండా పుస్తకంతో సహా రాజమండ్రి తీసుకువెళ్లారు, తన కింద పనిచేసిన లస్కర్లకు చూపిస్తారట.