కప్పా కేసీన్ జన్యువు: ఎంజైమ్‌తో కోసి చూడాలా, క్లోన్ చేసి చదవాలా?

పాలు విరిగి గడ్డకట్టడంలో కీలకం కప్పా కేసీన్ అనే పాల ప్రోటీన్. ఆవుల్లో దీని ఏ, బీ రకాలు ముఖ్యం. బీ ఉంటే పాలు త్వరగా తోడుకుని చీజ్ ఎక్కువ వస్తుంది.

ఖర్చు, శ్రమ: పీసీఆర్ చేసి (జన్యువు ముక్కకు లక్షల నకళ్లు తీసి), డీఎన్ఏను కోసే హిండ్‌త్రీ ఎంజైమ్‌తో కోసి, ముక్కల సైజును జెల్‌పై చూడటం చౌక, ఒకటి రెండు రోజుల పని. క్లోనింగ్‌కు, అంటే జన్యువు ముక్కను బాక్టీరియాలో పెట్టి పెంచడానికి, వారమైనా పడుతుంది, సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు చదవడం) ఖర్చు అదనం.

తెలిసేది: హిండ్‌త్రీ బీని కోస్తుంది, ఏని వదిలేస్తుంది. అంతకుమించి చెప్పదు. క్లోనింగ్‌లో ప్రతి అక్షరం కనిపిస్తుంది, కొత్త మార్పులు కూడా.

రిస్క్: ఎంజైమ్ సరిగ్గా కోయకపోతే బీబీ ఆవు (జన్యువు రెండు ప్రతులూ బీ) కూడా ఏబీలా (ఒకటి ఏ, ఒకటి బీ) కనిపిస్తుంది. క్లోనింగ్‌లో అసలు చిక్కు వేరు. ప్లేటు మీద నీలం బాక్టీరియా కాలనీల మధ్య, మన ముక్క చేరిన తెల్లది ఒక్కటే ఏరితే ఏబీ ఆవులో ఒక్క రకమే దొరుకుతుంది. పైగా పీసీఆర్‌లో నకళ్లు తీసే టాక్ ఎంజైమ్ చేసిన తప్పును కొత్త మార్పనుకుంటాం. అందుకే నాలుగైదు కాలనీలైనా చదవండి, దయచేసి ఇక్కడ పొదుపు వద్దు.

మందలో వంద ఆవుల రకం తేల్చాలంటే జెల్ చాలు. ఒంగోలు ఆవు జన్యువును ముర్రా గేదె జన్యువుతో అక్షరం అక్షరం పోల్చాలంటే క్లోనింగే.