లెక్కల పటాలకు ఏఐ అసిస్టెంట్: ఏడాది పైగా వాడాక

పదో తరగతి లెక్కల పేపర్లకు పటాలు గీయించడానికి ఏఐ అసిస్టెంట్‌ని పెట్టుకుని ఏడాది దాటింది. ముందే తేల్చి చెప్పేస్తాను. వారం వారం పటాలతో పని పడే లెక్కల మాస్టార్లకు ఇది పెట్టుకోదగ్గదే. ఎప్పుడో ఒకటి కావాలంటే మాత్రం ఇంత తతంగం అక్కర్లేదు, జియోజెబ్రా అనే జామెట్రీ పటాల సాఫ్ట్‌వేర్ ఉంది. 2001లో మొదలైంది, మన అవసరానికి ఉచితంగానే దొరుకుతుంది, ఫోన్లోనూ పనిచేస్తుంది.

శ్రీకాకుళంలో నాలాంటివాళ్లకి ఇదివరకు రెండే దార్లు. ఏడు రోడ్ల జంక్షన్ వైపు డీటీపీ షాపులో కుర్రాడి పక్కన కూర్చుని "ఆ గీత ఇంకొంచెం ఎడమకి బాబూ" అంటూ గీయించుకోవడం ఒకటి. పాత గైడులోంచి ఫోన్‌తో ఫొటో తీసి అతికించడం ఇంకొకటి. ఈ రెండో పద్ధతిలో జిరాక్స్ మీద జిరాక్స్ పడి, కోణం 30 డిగ్రీలో 80 డిగ్రీలో పిల్లలకి అర్థమయ్యేది కాదు.

"వృత్తానికి స్పర్శరేఖల బొమ్మ గీసిపెట్టు" అని ఏఐని నేరుగా అడిగితే రంగురంగుల బొమ్మ ఒకటి ఇస్తుంది. గోడకి అంటించుకోవడానికి బాగుంటుంది, పేపర్లో పెట్టడానికి పనికిరాదు. గీత వృత్తాన్ని ఎక్కడ తాకాలన్న లెక్క ఆ బొమ్మలో ఉండదు. అడగాల్సింది టిక్‌జెడ్ కోడ్. లాటెక్ అంటే కోడ్ రాసి పేజీలు అచ్చుకు తయారుచేసే వ్యవస్థ. బిందువుల నిరూపకాలు ఇచ్చి అందులో పటం గీయించే ప్యాకేజీ టిక్‌జెడ్. కోడ్ చేతిలో ఉంటే ఏ బిందువు ఎక్కడుందో మనం సరిచూసుకోవచ్చు.

నా సెటప్ ఇదీ: విండోస్ ల్యాప్‌టాప్, లాటెక్ నడిపే మిక్‌టెక్, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, అందులో ఏఐ ఎక్స్‌టెన్షన్. ఎక్స్‌టెన్షన్ పేరు చెప్పను, కొన్ని మార్చి చూశాను, తప్పులు అన్నిట్లో ఒకే తీరు. మిక్‌టెక్ లాంటిదే టెక్ లైవ్ ఇంకోటుంది, పూర్తిగా దించాలంటే జీబీలకి జీబీలు. మిక్‌టెక్ ఏ ప్యాకేజీ కావాలో దాన్ని అప్పటికప్పుడు దించుకుంటుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లకి అదే నయం. ఏఐ కోడ్ రాసి, తనే కంపైల్ చేసి, ఎర్రర్ వస్తే లాగ్ చదివి దిద్దుకుంటుంది. ఏ కమాండ్ నడపాలన్నా ముందు నన్ను అడిగేలాగే ఉంచాను. షెల్ ఎస్కేప్ (లాటెక్ ఫైలు కంప్యూటర్లో వేరే కమాండ్లు నడిపేలా వదిలే సెట్టింగ్) ఆన్ చేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి, మామూలు పటాలకి దాని అవసరం లేదు.

అసలు పేచీ తెలుగుతో. కోడ్‌ని పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వదిలేస్తే ఏఐ వాటిలో పీడీఎఫ్‌లాటెక్‌కే పోతుంది, అక్కడ తెలుగు అక్షరం తగలగానే ఎర్రర్. తెలుగు ఫాంట్లు తీసుకునే జీలాటెక్ వాడమని చెప్పాలి, ఫాంట్ దగ్గర స్క్రిప్టు తెలుగు అని కూడా రాయించాలి. ఆ ఒక్క మాట లేకపోతే 'స్పర్శరేఖ' వత్తులు కలవక, పొల్లులతో ముక్కలుముక్కలుగా పడుతుంది. ఫాంట్ సంగతికొస్తే, గిడుగు రామమూర్తి గారు మన జిల్లా మనిషి కదా అని అభిమానంతో ఆయన పేరున్న 'గిడుగు' పెట్టాను. శీర్షికలకి బాగుంది గానీ పటం లోపల చిన్న సైజులో ఆనలేదు. ఇప్పుడు 'మండలి' వాడుతున్నాను.

ఇక పటాల నాణ్యత. కేంద్రం నుంచి 5 సెం.మీ. దూరంలో బిందువు, 3 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తం, స్పర్శరేఖలు గీయమన్నాను. కేంద్రం (0, 0), బిందువు (5, 0) అనుకుంటే పై స్పర్శబిందువు (1.8, 2.4) దగ్గర పడాలి. ఏఐ (2, 2.2) అని ఉజ్జాయింపుగా వేసి, పక్కన లంబకోణం గుర్తు కూడా దర్జాగా పెట్టేసింది. చూడ్డానికి తేడా తెలీదు. క్లాసులో ఒకమ్మాయి కోణమానిని పెట్టి, "మేష్టారూ, ఇదేటండి, 96 వస్తంది?" అంది. లెక్క కట్టి చూస్తే నిజంగానే 96. అప్పట్నుంచి, ఏఐకి ముందుగా ఇచ్చే సూచనల ఫైల్లో మొదటి వాక్యం ఇదే: ఏ బిందువునీ ఉజ్జాయింపుగా వెయ్యకు, ఖండన బిందువుల్ని ప్యాకేజీతోనే లెక్కకట్టించు. ఆ వాక్యం చేర్చాక ఈ రకం తప్పు దాదాపు పోయింది.

పోనిది నిమ్న కోణం, అంటే పైనుంచి కిందికి చూసే చూపు క్షితిజ రేఖతో చేసే కోణం. 75 మీటర్ల దీపస్తంభం, రెండు ఓడలు, 30, 45 డిగ్రీల నిమ్న కోణాలు: పాఠ్యపుస్తకంలో ఉన్న లెక్కే, మా పిల్లలకి కళింగపట్నం లైట్‌హౌస్ అని చెబుతాను. దూరాలు సరిగ్గా వేస్తుంది. స్తంభం 3 సెం.మీ. అయితే ఓడలు 3, 5.196 సెం.మీ. దగ్గర, వంక పెట్టడానికి లేదు. కానీ 30 డిగ్రీల గుర్తుని పైనున్న క్షితిజ రేఖ నుంచి కాకుండా స్తంభం నుంచి కొలిచి పెడుతుంది. అక్కడ ఉండేది 60. తన పటాన్ని తనే ఇమేజ్‌గా మార్చి చూసుకోమంటే చూసి, "అంతా సరిగ్గా ఉంది" అంటుంది. దాని చూపుని నమ్ముకోకూడదు, ఆ గుర్తు మనమే చూసుకోవాలి.

నాకు బాగా కలిసొచ్చింది మరోటి. ఎత్తు, కోణాలు కోడ్ పైభాగంలో విడిగా పెట్టిస్తాను. 75 తీసి 60 పెడితే సెట్-బి పటం తయారు, కొలతలూ పేర్లూ వాటంతటవే మారతాయి. డీటీపీ షాపులో ఇది మళ్లీ మొదటి నుంచి గీయించడమే, మళ్లీ డబ్బులే.

ప్రింటు గురించి ఒక మాట. టిక్‌జెడ్ మామూలు గీత మందం 0.4 పాయింట్లు. స్కూలు జిరాక్స్‌లో అది అక్కడక్కడా ఎగిరిపోతుంది, 0.8 పెట్టించండి. బూడిద రంగు నింపితే మచ్చలా పడుతుంది కాబట్టి షేడ్ చేసిన భాగానికి అడ్డగీతలు వేయించండి. వర్డ్‌లో అతికించాలంటే 600 డీపీఐ పీఎన్‌జీ చాలు.

ఓజైవ్ వక్రాలు, గ్రాఫులు మొదటిసారికే వస్తాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఘనాకృతులతోనే విసుగు. అర్ధగోళం మీద శంకువు పెట్టమంటే ముందు కనబడే అంచుని చుక్కల గీతగా, వెనకదాన్ని గట్టి గీతగా తిప్పి వేస్తుంది. దిద్దమంటే రెండూ చుక్కలు చేస్తుంది. వాటిని నేనే జియోజెబ్రాలో గీసి, అందులో ఉన్న టిక్‌జెడ్ ఎగుమతితో కోడ్ తీసి, ఆ చాంతాడంత కోడ్‌ని కుదించే పని మాత్రం ఏఐకి ఇస్తున్నాను. ఆ పని బాగా చేస్తుంది.