40 లీటర్ల గుడ్డ గ్రో బ్యాగ్‌లో బంగాళాదుంప: చాలా పంటల తర్వాత సమీక్ష

బంగాళాదుంపకు గుడ్డ సంచి మంచిదే, కానీ నీళ్ల విషయంలో బద్ధకిస్తే అంతకంటే చెడ్డ కుండీ లేదు. సంచి నాణ్యత కంటే నీళ్లు పెట్టే తీరే పంటను ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ముందు మంచి సంగతి. దుంప ఊరడానికి మట్టి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. 30కి దగ్గరపడితే మొక్క ఆకులు వేస్తుందే తప్ప దుంప ఊరదు. నల్ల ప్లాస్టిక్ బకెట్ ఎండలో బాగా కాలిపోతుంది. గుడ్డ సంచి పక్కల నుంచి తేమ ఆవిరవుతుంది కాబట్టి వేళ్లు చల్లగా ఉంటాయి. అడుగున నీళ్లు నిలవవు, కుళ్లు తక్కువ. చివర్లో సంచిని తిరగేస్తే చాలు, పార గాట్లు లేకుండా దుంపలన్నీ బయటపడతాయి.

అదే గుణం ఇబ్బంది కూడా. మండే ఎండల్లో, ఆకు నిండుగా ఉన్నప్పుడు ఒక్కో సంచి రోజుకు 3, 4 లీటర్లు తాగేస్తుంది. మగ్గుతో ఒకేసారి పోస్తే సగం పక్కల నుంచి కారిపోతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువున్న మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పట్టుకోదు. పైన తడిగా కనిపిస్తుంది, వేలు దించితే లోపల పొడిపొడిగా ఉంటుంది. అప్పుడు అర లీటరు పోసి, పది నిమిషాలాగి మళ్లీ అర లీటరు, ఇలా నాలుగైదుసార్లు పోయాలి.

అందుకే డ్రిప్ పెట్టుకోమని నా సలహా. సంచికి గంటకు 2 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు, కాండానికి అటొకటి ఇటొకటి. పొద్దున, సాయంత్రం 25 నిమిషాల చొప్పున తిప్పితే 3 లీటర్ల పైచిలుకు అందుతుంది. చల్లటి రోజుల్లో పొద్దునొక్కసారి చాలు. టైమర్‌ను గుడ్డిగా నమ్మకండి: సంచి అంచు పట్టి కాస్త ఎత్తి చూడటం అలవాటైతే, బరువును బట్టే తెలిసిపోతుంది. 6 సెంటీమీటర్ల లోతున వేలికి తడి తగలాలి, పిండితే నీళ్లు కారకూడదు.

నీళ్ల లెక్క తప్పితే ఏమైందో దుంపే చెబుతుంది. పిందె కట్టే దశలో, అంటే దాదాపు మొగ్గ కనిపించే రోజుల్లో, మట్టి ఎండితే తొక్క మీద గజ్జిలా స్కాబ్ మచ్చలొస్తాయి. ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు ముంచెత్తితే దుంప పగులుతుంది, లేదా బొడిపెలు వేస్తుంది. పెద్ద దుంపల్లో మధ్య బోలు పడుతుంది. ఎప్పుడూ చిత్తడిగా ఉంటే తొక్క మీద తెల్లటి గింజల్లాంటి పొక్కులు లేస్తాయి, ఆ తర్వాతిది కుళ్లే. నీళ్లు మట్టికే పోయాలి; ఆకులు రాత్రంతా తడిగా ఉంటే లేట్ బ్లైట్ అనే ఆకు మాడు తెగులును పిలిచినట్టే.

40 లీటర్ల సంచికి మూడు విత్తన దుంపలకు మించి వద్దు. నాలుగోది పెడితే సంఖ్య పెరుగుతుంది గానీ అన్నీ గోలీలే. కూరకు తెచ్చినవాటికి మొలక రాకుండా మందు కొట్టి ఉండవచ్చు, వైరస్ కూడా ఉండవచ్చు. విత్తనానికని అమ్మేవే తీసుకోండి. వెలుతురులో ఉంచి సెంటీమీటరు పొడవు, లావుపాటి మొలకలు వచ్చాక నాటాలి. కోస్తే ముక్క 40 గ్రాములకు తగ్గకుండా, రెండు కళ్లుండేలా కోసి, కోత ఆరడానికి రెండు మూడు రోజులు వదిలేయాలి.

అడుగున 12 సెంటీమీటర్ల మిశ్రమం, దానిపై దుంపలు, మీద 10 సెంటీమీటర్లు కప్పు. సంచి అంచును మడిచి ఉంచి, మొక్క 20 సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా సగం మునిగేలా మట్టి ఎగదోస్తూ అంచు విప్పుతూ రావాలి. పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి, లేకపోతే నీళ్లు నిలవవు. మట్టి ఎంత ఎత్తు పోస్తే అన్ని అంతస్తుల్లో దుంపలు కాస్తాయన్న ప్రచారాన్ని నమ్మొద్దు. చాలా రకాల్లో దుంపలు విత్తనం చుట్టూ, కాస్త పైనే ఊరతాయి. ఎగదోయడం ముఖ్యంగా వెలుతురు తగలకుండా ఉండటానికి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, అది తినకూడదు.

నత్రజని ఎక్కువైతే చెట్టు ఏపుగా, సంచి ఖాళీగా ఉంటుంది. మిశ్రమంలో మూడో వంతు బాగా చివికిన కంపోస్ట్ వేసి, మొగ్గ దశ నుంచి పొటాష్ ఎక్కువున్న ద్రవ ఎరువు రెండు వారాలకోసారి ఇస్తే సరిపోతుంది. ఆకులు పసుపెక్కడం మొదలయ్యాక నీళ్లు తగ్గించి, కాండాలు పడిపోయాక పూర్తిగా ఆపి, మరో పది పన్నెండు రోజులకు తవ్వండి. తొందరపడితే తొక్క బొటనవేలికే ఊడి వస్తుంది, నిల్వ ఉండదు. దిగుబడి సంచికి సుమారు 2 కిలోలు. అంతకు చాలా ఎక్కువ చెప్పే ప్రకటనలను చూసి కొనకండి.

కొనేటప్పుడు పిడులు అడుగుదాకా కుట్టినవే చూసుకోండి, తడి సంచి 40 కిలోలు దాటవచ్చు. పక్కన కిటికీ ఉన్న మోడల్ మాత్రం వద్దే వద్దు. తెరిచి చూసిన ప్రతిసారీ సన్నటి వేళ్లు తెగుతాయి, మూత పట్టు వదిలాక నీళ్లు, మట్టి అటునుంచే పోతాయి, ఆ సందులోంచి పడే వెలుతురుకు ముందువరుస దుంపలు పచ్చబడతాయి.